ఐరిష్ భాషలో విభక్తులు: ఐర్లండ్‌లోని తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐర్లండ్ బడుల్లో ఐరిష్ తప్పనిసరి సబ్జెక్టు. కొన్ని పరిస్థితుల్లో మినహాయింపు దొరుకుతుంది కానీ, ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు దాదాపు అందరూ చదవాల్సిందే. అందులో "తిషల్ గినిద్యఖ్", అంటే షష్ఠీ విభక్తి, పేరు వింటేనే ఇక్కడి పెద్దవాళ్లకు కూడా టెన్షన్. మా అమ్మాయి హోంవర్క్ కోసం నేనూ ఆ వ్యాకరణం ముందేసుకుని కూర్చున్నాను. కూర్చున్న కొద్దీ చిన్నప్పుడు బడిలో వల్లెవేసిన విభక్తులు, సంధులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఇంగ్లిష్ దారిలో వెళ్తే కొండలా కనిపించే ఈ వ్యాకరణం తెలుగు దారిలో వెళ్తే చాలావరకు మనకు అలవాటైన నేలే. తోటి తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలకు నేను చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఐరిష్ మాటలను వినిపించే తీరుకు దగ్గరగా తెలుగు లిపిలో రాశాను. ప్రాంతాన్ని బట్టి ఉచ్చారణ కొంత మారుతుంది. "ఖ్" అని రాసిన చోట గొంతులోంచి గాలి రాసుకుంటూ వచ్చే శబ్దం అనుకోండి. మాట చివర "య్" కనిపిస్తే దాని ముందున్న హల్లును నాలుక అంగిలికి ఆనించి మెత్తగా పలకాలి.

ఐరిష్‌లో విభక్తులు ఎన్ని?

మనం బడిలో ఏడు చదువుకున్నాం, సంబోధనతో కలిపితే ఎనిమిది. ప్రాచీన ఐరిష్‌లో ఐదు ఉండేవి: ప్రథమ, ద్వితీయ, షష్ఠి, చతుర్థి, సంబోధన. అప్పట్లో ఏకవచనం, బహువచనాలతో పాటు సంస్కృతంలో లాగా ద్వివచనం కూడా ఉండేది. ఇప్పటి భాషలో ప్రథమ, ద్వితీయ ఒకటైపోయాయి. చతుర్థి చాలావరకు కరిగిపోయి అక్కడక్కడా తునకలుగా మిగిలింది. కాబట్టి నిజంగా నేర్చుకోవలసినవి మూడే: మామూలు రూపం, షష్ఠి, సంబోధన. ఇందులో కష్టపడాల్సింది షష్ఠి దగ్గరే.

ప్రథమ, ద్వితీయ ఒకటే అయితే ఎవరు ఎవరిని చూశారో ఎలా తెలుస్తుంది?

మాటల వరుసను బట్టి తెలుస్తుంది. ఐరిష్‌లో క్రియ ముందు వస్తుంది, తర్వాత కర్త, ఆ తర్వాత కర్మ. "ఖొనిక్ అన్ ఫ్యార్ అన్ కత్" అంటే వరసగా చూశాడు, మనిషి, పిల్లి. మనిషి పిల్లిని చూశాడని అర్థం. రెండు నామవాచకాలూ మారలేదు. సర్వనామాల్లో మాత్రం పాత తేడా మిగిలింది. అతను అనడానికి "షే", అతన్ని అనడానికి "ఏ".

ఆ పేర్లకు అర్థాలేమిటి? పిల్లలు ఊరికే బట్టీ పడుతున్నారు.

విభక్తిని "తిషల్" అంటారు. ప్రథమ "ఆనిమ్న్యఖ్", "ఆనిమ్" అంటే పేరు. సంబోధన "గారిమ్యఖ్", అందులో ఉన్నది "గారిమ్", అంటే పిలుపు. చతుర్థి "తౌర్హఖ్", ఇవ్వడం అనే ధాతువులోంచి వచ్చింది. మన వ్యాకరణంలో కూడా చతుర్థి అంటే సంప్రదానం, ఇవ్వడమే. షష్ఠి పేరు "గినిద్యఖ్" మాత్రం లాటిన్ నుంచి తెచ్చుకున్నది, దాన్ని అలాగే గుర్తు పెట్టుకోవాలి.

షష్ఠి అంటే మాట చివర "యొక్క" లాంటిది ఏదో చేర్చడమేనా?

కాదు. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. "యొక్క" కోసం వెతకకండి, నిజానికి మనం మాట్లాడేటప్పుడు కూడా దాన్ని వాడం. "ఇల్లు తలుపు" అంటామా? అనం, "ఇంటి తలుపు" అంటాం. చెయ్యి, చేతి గడియారం. కాలు, కాలి పట్టీ. నోరు, నోటి మాట. ఊరు, ఊరి చెరువు. చివర ఏదీ అతికించకుండా, మాటే లోపల రూపం మార్చుకుంటుంది. మన వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలు అంటారు.

ఐరిష్ షష్ఠి అచ్చం ఇదే. ఇంటిని "త్యాఖ్" అంటారు. ఇంటి తలుపు "దొరస్ అన్ తీ". "త్యాఖ్" అనేది "తీ" అయింది, "ఇల్లు" అనేది "ఇంటి" అయినట్టు. సూర్యుడు "గ్రిఅన్", సూర్యోదయం "ఏరీ న గ్రేన్యె". నగరం "కహర్", నగరం నడిబొడ్డు "లార్ న కహ్రఖ్". మా అమ్మాయికి ఇంటి, చేతి, కాలి అని మూడు ఉదాహరణలు చెప్పాక "అయితే ఇది మనకు వచ్చిందేగా" అంది. మీ పిల్లలకు కూడా ముందు తెలుగులో పది మాటలు ఇలా మార్చి చూపించండి. ఆ తర్వాతే ఐరిష్ పుస్తకం తెరవండి.

మాట చివర హల్లు "సన్నగా" మారుతుంది అంటారు. అదేమిటి?

ఐరిష్‌లో హల్లులు రెండు రకాలు. "ల్యాహన్" అంటే వెడల్పువి, "కీల్" అంటే సన్నవి. అ, ఒ, ఉ అచ్చుల పక్కన వెడల్పు హల్లు ఉంటుంది, ఇ, ఎ అచ్చుల పక్కన సన్న హల్లు ఉంటుంది.

ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లకు ఇది అర్థం చేయించడం కష్టం. మనకు కష్టం కాదు. "చలి", "చీమ" అని పైకి అని చూడండి. రెండు చకారాలు ఒకటి కావు. చలిలో ఉన్నది దంత్యం, పాత అచ్చులో ౘ అని వేరుగా గుర్తు పెట్టేవారు. చీమలో ఉన్నది తాలవ్యం. అ, ఉ, ఒ ముందు దంత్యం, ఇ, ఎ ముందు తాలవ్యం. మనకు ఈ తేడా చ, జ లకు మాత్రమే ఉంది, ఐరిష్‌లో దాదాపు అన్ని హల్లులకూ ఉంది.

ఇప్పుడు షష్ఠికి వద్దాం. పడవ "బాద్". పడవ తెరచాప అనాలంటే చివరి దకారం సన్నబడి "బాద్య్" కావాలి. రాతలో ఆ దకారానికి ముందు ఒక ఐ అక్షరం చేరుతుంది. వినడానికి చిన్న తేడా, కానీ అర్థమంతా అందులోనే ఉంది. మనిషి "ఫ్యార్", మనిషి యొక్క "ఫిర్". తలుపు "దొరస్", తలుపు యొక్క "దొరిష్".

మరి మాట మొదలు కూడా ఎందుకు మారుతోంది? "బాద్" ఒక్కోసారి "వాద్య్" అవుతోంది!

తెరచాప ఉదాహరణ పూర్తిగా చెబితే "షోల్ అన్ వాద్య్". చివర సన్నబడింది, మొదట బకారం వకారమైంది. ఒకే మాట రెండు వైపులా మారడం చూసి పిల్లలు బెదిరిపోతారు. రెండింటికీ కారణాలు వేరు. చివర మార్పు విభక్తి వల్ల వచ్చింది. మొదటి మార్పు ముందున్న మాట వల్ల వచ్చింది. అంటే అది సంధి.

అన్న, తమ్ముడు కలిస్తే "అన్నదమ్ములు" అంటాం, తకారం దకారమైంది. కూర, కాయ కలిసి "కూరగాయ" అయింది. ఊరు, పల్లె కలిసి "ఊరువల్లెలు" అయింది, పకారం వకారమైంది. గసడదవాదేశం అని చదువుకున్నది ఇదే. ఐరిష్‌లో ఇలాంటి మెత్తబడటాన్ని "షేవూ" అంటారు. బ, మ అనేవి వ అవుతాయి, ప అనేది పెదవులు రాసుకునే ఫ అవుతుంది, క అనేది ఖ్ అవుతుంది, ఫ అయితే పూర్తిగా మాయమవుతుంది. మనిషి కోటు "కోట అన్ ఇర్". "ఫిర్" లో ఫకారం వినిపించదు. రాతలో ఆ అక్షరం అలాగే ఉండి, పక్కన హెచ్ వస్తుంది. పాత ఐరిష్ లిపిలో హెచ్ బదులు అక్షరం నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. నాకైతే ఆ చుక్కే బాగుంటుంది.

రెండో రకం మార్పు "ఉరూ". క అనేది గ, త అనేది ద, ప అనేది బ అవుతాయి. బ అనేది మ, ద అనేది న అవుతాయి. సరళాదేశ సంధి గుర్తుందా? "పూచెన్" తర్వాత "కలువలు" వస్తే "పూచెఁ గలువలు". ద్రుతం, అంటే నకారం, ముందు ఉండటం వల్ల పరుషం సరళమైంది. ఐరిష్‌లో కూడా ఉరూ వెనుక ఉన్నది పాతకాలపు నకారమే. ఆ నకారం ఎప్పుడో రాలిపోయింది, అది చేసిన పని మాత్రం మిగిలింది. పిల్లి "కత్", పిల్లుల తిండి "బిఅ న గత్". రెండు భాషలకూ చుట్టరికం లేదు, అయినా గొంతు, నాలుక ఒకేలా పని చేశాయి. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

"అన్", "న" ఎప్పుడు ఏది వాడాలి?

"అన్" అంటే ఆ, ఫలానా అనే మాట. షష్ఠిలో పుంలింగ ఏకవచనానికి "అన్" వస్తుంది, తర్వాతి హల్లు మెత్తబడుతుంది. త, ద మాత్రం మెత్తబడవు. అందుకే పైన "అన్ తీ" అన్నాం. స్త్రీలింగ ఏకవచనానికి "న" వస్తుంది. హల్లు మారదు, అచ్చు వస్తే ముందు హకారం చేరుతుంది. బహువచనానికి లింగంతో పని లేకుండా "న" వస్తుంది, తర్వాత ఉరూ.

స్త్రీలింగంలో ఆ హకారం ఎక్కడిది? ఒకప్పుడు ఆ "న" చివర సకారం ఉండేది. సంస్కృతంలో పదాంత సకారం విసర్గ అయినట్టే, ఇక్కడ హకారమై తర్వాతి మాటకు అంటుకుంది. "పొబ్లఖ్త్ న హేరన్", అంటే ఐర్లండ్ గణతంత్రం, అన్నప్పుడు వినిపించే ఆ హకారం విసర్గకు దూరపు చుట్టం. ఐరిష్, సంస్కృతం రెండూ ఇండో యూరోపియన్ కుటుంబానివే. అలాగే బహువచనంలో ఉరూకు కారణమైన నకారం "దేవానామ్" చివర ఉన్న అనునాసికానికి బంధువు.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. ప్రథమలో స్త్రీలింగం "అన్" తర్వాత మెత్తబడుతుంది: ఆడమనిషి "బ్యాన్", ఆ ఆడమనిషి "అన్ వ్యాన్". షష్ఠిలో పుంలింగం మెత్తబడుతుంది. అందుకే మెత్తబడిన మాట కనబడగానే స్త్రీలింగం అనుకోకూడదు. లింగం కూడా మనం అనుకున్నట్టు ఉండదు. అమ్మాయి అనే "కలీన్" వ్యాకరణంలో పుంలింగం. అమ్మాయి పేరు "ఆనిమ్ అన్ ఖలీన్".

మాటల వరుస తిరగబడుతుందా?

అవును, ఒక్క ఈ విషయంలో తెలుగు అలవాటు అడ్డొస్తుంది. మనం "ఇంటి తలుపు" అంటాం, వాళ్లు "తలుపు ఇంటి" అంటారు. సొంతదారు తర్వాత వస్తాడు. ఇంకోటి, "అన్" గానీ "న" గానీ చివరి మాట ముందు ఒక్కసారే రావాలి. "అన్ దొరస్ అన్ తీ" అని రాస్తే తప్పు. పిల్లల నోట్సుల్లో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే. ఇంగ్లిష్‌లో ఆలోచించి రాస్తే వస్తుంది.

మూడు మాటలు గొలుసుగా వస్తే?

పోస్ట్‌మన్‌ను "ఫ్యార్ అన్ ఫొష్త్" అంటారు, అంటే టపా మనిషి. పోస్ట్‌మన్ టోపీ అనాలంటే? టోపీ "హత". లెక్క ప్రకారం మనిషి కూడా షష్ఠిలోకి వెళ్లాలి కదా. వెళ్లడు. గొలుసులో చివరి మాటే షష్ఠి రూపం తీసుకుంటుంది. మధ్య మాట మామూలు రూపంలో ఉండి, మొదట్లో మెత్తబడుతుంది: "హత యార్ అన్ ఫొష్త్". ఫకారం మాయమైంది గానీ, "ఫ్యార్" అనేది "ఫిర్" కాలేదు. ఈ నియమం తెలియక బాగా చదివే పిల్లలు కూడా మార్కులు పోగొట్టుకుంటారు.

నామవాచకాలకు ఐదు తరగతులు ఉంటాయట. అన్నీ బట్టీ పట్టాలా?

వద్దు. మనకు కూడా టి, తి, ఇ అని తరగతులు ఉన్నాయి, మార్పే లేని మాటలూ ఉన్నాయి. "గది తలుపు" అంటాం, గది ఏమీ మారదు. మనం ఎప్పుడూ పట్టిక చూసి నేర్చుకోలేదు.

మొదటి తరగతిలో అన్నీ పుంలింగాలు, చివరి హల్లు సన్నబడుతుంది. పైన చూసిన పడవ, పిల్లి, మనిషి ఇందులోవే. రెండో తరగతి దాదాపు అంతా స్త్రీలింగం. హల్లు సన్నబడి చివర "ఎ" చేరుతుంది: బూటు "బ్రోగ్", బూటు రంగు "దాహ్ న బ్రోగ్యె". వీధి "స్రాద్య్", వీధి పేరు "ఆనిమ్ న స్రాద్యె". మూడో తరగతిలో చివర "అ" వస్తుంది: డాక్టర్ "దొఖ్తూర్య్", డాక్టర్ ఇల్లు "త్యాఖ్ అన్ దొఖ్తూర". నాలుగోది మన గది లాంటిది, మార్పు లేదు: పాల సీసా "బిడేల్ బన్యె", గ్లాసు నీళ్లు "గ్లిన్యె ఇష్కె". ఐదో తరగతి చిన్నది. నగరం, అమ్మ, నాన్న, స్నేహితుడు, ఐర్లండ్ లాంటి రోజువారీ మాటలు అందులో ఉన్నాయి.

కొన్ని ఏ తరగతికీ లొంగవు. ఇల్లు అలాంటిదే. ఆడమనిషి "బ్యాన్", షష్ఠిలో "మ్నా". బహువచనం కూడా "మ్నా"నే. బహువచన షష్ఠి "న మన్". ఐర్లండ్‌లో టాయిలెట్ల తలుపుల మీద "ఫిర్" అంటే మగవాళ్లు, "మ్నా" అంటే ఆడవాళ్లు. ఈ రెండు మాటలూ అటు ప్రథమా బహువచనం, ఇటు షష్ఠీ ఏకవచనం. పిల్లలకు రోజూ కళ్లబడే ఈ రెండు బోర్డులతోనే పాఠం మొదలుపెట్టవచ్చు.

సొంతం అనే అర్థం లేని చోట కూడా షష్ఠి ఎందుకు వస్తోంది?

మూడు చోట్ల వస్తుంది. మూడూ మనకు తెలిసినవే.

ఒకటి, ఎదురుగా, మధ్యలో, తర్వాత లాంటి మాటల పక్కన. మనం "ఇల్లు ముందు" అనం, "ఇంటి ముందు" అంటాం. ఐరిష్‌లో "ఒస్ కోర్ అన్ తీ" అంటే ఇంటికి ఎదురుగా. దేశమంతటా "అర్ ఫుద్ న తీరె". వీధి దాటి "త్రస్న న స్రాద్యె".

రెండు, జరుగుతున్న పని చెప్పేటప్పుడు. "తలుపు మూస్తూ" అనడానికి "అగ్ దూను అన్ దొరిష్" అంటారు. మాటకు మాట చెబితే, తలుపు యొక్క మూయడం దగ్గర ఉన్నాడు. మూయడం అనేది నామవాచకంలా నిలబడింది కాబట్టి దాని కర్మ షష్ఠిలోకి వెళ్లింది. సంస్కృతంలో "గ్రంథస్య పఠనం" అన్నప్పుడు జరిగేదీ ఇదే. నీళ్లు తాగుతూ "అగ్ ఓల్ ఇష్కె". నీళ్లు నాలుగో తరగతి కాబట్టి మార్పు కనిపించదు, అంతే.

మూడు, ఒక నామం ఇంకో నామానికి విశేషణంగా పనిచేసినప్పుడు. స్కూల్ టీచర్ "మూన్‌చోర్ స్కొల్యె". శీతాకాలం అనేది "శీతాకాలపు చలి" లో పుకారం తెచ్చుకున్నట్టు, ఇక్కడ స్కూల్ "ఎ" తెచ్చుకుంది.

బహువచన షష్ఠి చూస్తే ఏకవచనంలా ఉంది. అచ్చు తప్పా?

తప్పు కాదు. పడవలు "బాద్య్". పడవల యొక్క అనాలంటే "న మాద్". మాట తిరిగి ఏకవచన రూపంలోకి వెళ్తుంది, ముందు ఉరూ వస్తుంది. ఆ ఉరూ ఒక్కటే బహువచనం అని చెబుతుంది. దీన్ని బలహీన బహువచనం అంటారు. బలమైన బహువచనం ఉన్న మాటలు బహువచనంలో అన్ని చోట్లా ఒకే రూపంతో ఉంటాయి, వాటితో ఇబ్బంది లేదు.

మనుషుల్ని పిలిచేటప్పుడు పేరే మారుతుందా?

మారుతుంది. మనకు ఓ, ఓయీ, ఓరీ, ఓసీ ఉన్నట్టు వాళ్లకు "అ" ఉంది. దాని తర్వాత పేరు మెత్తబడుతుంది. "మారె" అనే అమ్మాయిని "అ వారె" అని పిలుస్తారు. మొదటి తరగతి మగ పేరైతే చివర కూడా సన్నబడుతుంది. "షాన్" ను పిలిస్తే "అ హ్యాన్య్", "షేమస్" ను పిలిస్తే "అ హేమిష్". ఐరిష్‌కు సోదరి అయిన స్కాటిష్ గేలిక్‌లోనూ ఇదే పద్ధతి. అక్కడ ఆ పిలుపు విన్న ఇంగ్లిష్ వాళ్లు అదే పేరు అనుకోవడం వల్లే "హేమిష్" ఒక పేరుగా స్థిరపడింది. మనం "రాముడు" ను "రామా" అని పిలుస్తాం కదా, ఎవరో వచ్చి అతని పేరే "రామా" అని రాసుకున్నట్టు.

ఉత్తరం రాసేటప్పుడు మొదట "అ ఖర" అని రాస్తారు, మిత్రమా అని. ఎక్కువమందికైతే "అ ఖార్జె". మీ పిల్లల బడి నుంచి వచ్చే ఉత్తరాల్లో ఇవి చూసే ఉంటారు.

చతుర్థి పోయిందన్నారు. మరి పుస్తకంలో అప్పుడప్పుడు కనిపిస్తోందే?

1958లో ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక వ్యాకరణం ప్రత్యేకమైన చతుర్థి రూపాలను చాలావరకు పక్కన పెట్టింది. దక్షిణాన మన్స్టర్ ప్రాంతంలో అవి కొంత ఎక్కువగా నిలిచాయి. అందరూ వాడే తునకలు మాత్రం కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది దేశం పేరే. ఐర్లండ్ "ఏరె", ఐర్లండ్ యొక్క "ఏరన్", ఐర్లండ్‌లో "ఇన్ ఏరిన్". ఇంగ్లిష్ కవిత్వంలో ఐర్లండ్‌ను "ఎరిన్" అంటారు, అది ఈ చతుర్థి రూపమే. కాలు "కొస్", దాని చతుర్థి "కొష్" ఇప్పుడు పక్కన, ఒడ్డున అనే అర్థంలో వాడుతున్నారు. గాల్వే దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ప్రాంతం పేరు "కొష్ ఆరిగె". తల "క్యాన్", పైన అనడానికి "ఒస్ క్యున్".

మామూలు మాటల్లో ఇప్పుడు విభక్తి పని విభక్తి రూపం కాదు, ముందు వచ్చే చిన్న మాటలే చేస్తున్నాయి. బల్ల మీద అనడానికి పశ్చిమాన, దక్షిణాన "అర్ అన్ మోర్ద్", ఉత్తరాన అల్స్టర్‌లో "అర్ అన్ వోర్ద్". రెండూ సరైనవే. టీచర్ ఏది నేర్పితే అది పట్టుకోండి.

నాకు, నీకు, అతనికి అని ఎలా అంటారు?

ఇది మన పిల్లలకు దొరికిన వరం. ఐరిష్‌లో కలిగి ఉండటానికి క్రియ లేదు. "నా దగ్గర పుస్తకం ఉంది" అన్నట్టే "తా ల్యౌర్ అగమ్" అంటారు. "అగమ్" అంటే నా దగ్గర, "అగత్" అంటే నీ దగ్గర. నాకు ఆకలిగా ఉంది అంటే "తా ఒక్రస్ ఒరమ్", ఆకలి నా మీద ఉంది. నాకు ఇష్టం అంటే "ఇస్ మాహ్ ల్యుమ్". ఇంగ్లిష్‌లో "నేను" అని మొదలయ్యే వాక్యాలు తెలుగులోనూ ఐరిష్‌లోనూ "నాకు" అని నడుస్తాయి. ఇంగ్లిష్ మధ్యలో పెట్టుకోకుండా నేరుగా తెలుగు నుంచి ఐరిష్‌లోకి చెప్పమనండి, ఎంత తేలికవుతుందో చూడండి.

ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లలో కూడా ఇవి ఉంటాయా?

నిండా ఉంటాయి. డబ్లిన్ ఐరిష్ పేరు "బల్యె ఆహ క్లీఅ". తడికలు పరిచిన రేవు ఉన్న ఊరు అని అర్థం. "ఆహ" అనేది రేవుకు షష్ఠి, "క్లీఅ" తడికలకు బహువచన షష్ఠి. ఒక్క పేరులో రెండు షష్ఠులు. పార్లమెంటు దిగువ సభ "డాల్ ఏరన్", 1919 జనవరి 21న మొదటిసారి సమావేశమైంది. 1972లో మొదలైన ఐరిష్ రేడియో "రాడియో న గేల్తఖ్త". ఐరిష్ మాట్లాడే ప్రాంతం "గేల్తఖ్త్", చివర "అ" చేరి షష్ఠి అయింది. భాష పేరు "గేల్గె" కూడా ఒకప్పటి షష్ఠి రూపమే. వాడగా వాడగా అదే ప్రథమగా కూర్చుంది.

"ఓ బ్రీన్" అంటే బ్రిఅన్ సంతతివాడు. 1014లో క్లాంటార్ఫ్ యుద్ధంలో చనిపోయిన రాజు బ్రియన్ బోరు పేరు మీద వచ్చిన ఇంటిపేరు. "బ్రిఅన్" షష్ఠిలో "బ్రీన్" అయింది. ఆ ఇంటి ఆడపిల్ల అయితే "నీ వ్రీన్". "నీ" అనేది కూతురు అనే మాట కుదించుకుపోయిన రూపం, దాని తర్వాత బకారం మెత్తబడింది. మెకింటైర్ అనే ఇంటిపేరు "మక్ అన్ తీర్", అంటే వడ్రంగి కొడుకు. మీ ఆఫీసులో ఈ పేర్లు వాళ్లెవరైనా ఉంటే, వాళ్ల పేరులో విభక్తి ఉందని చెప్పి చూడండి. సంతోషపడతారు.

ఇదంతా ఎప్పటి నుంచి ఉంది?

ఐరిష్‌కు దొరికిన అతి పాత రాతలే షష్ఠిలో ఉన్నాయి. సుమారు 4వ శతాబ్దం నుంచి నిలువు రాళ్ల అంచుల మీద గీతలుగా చెక్కిన ఓగమ్ లిపిలో మనుషుల పేర్లు ఉంటాయి: ఫలానావాడి యొక్క, ఫలానావాడి కొడుకు యొక్క. "రాయి" అనే మాట రాయలేదు, రాయి ఎదురుగానే ఉంది కాబట్టి. కొడుకు యొక్క అనడానికి ఆ రాళ్ల మీద "మక్వి" అని ఉంటుంది. తర్వాత చివరి ఇకారం రాలిపోయింది. పోతూ పోతూ ముందున్న హల్లును సన్నబరిచి పోయింది. ఇప్పటి రూపం "మిక్". "బాద్" ఎందుకు "బాద్య్" అవుతుందని పిల్లలు అడిగితే ఈ రాళ్ల కథ చెప్పండి. అక్కడ ఒకప్పుడు ఒక ఇకారం ఉండేది.

మాట్లాడేవాళ్లు నిజంగా ఇన్ని నియమాలు పాటిస్తారా?

రాతలో, వార్తల్లో పాటిస్తారు. ఐరిష్ మాట్లాడే ఊళ్లలో కూడా మాటల్లో కొన్ని షష్ఠి రూపాలు జారిపోతున్నాయి, చిన్నవాళ్లలో మరీ ఎక్కువ. "ఇంటి" లాంటి రోజూ వాడే రూపాలు మాత్రం గట్టిగా నిలిచాయి. పరీక్షకు మాత్రం పూర్తి రూపాలు రాయాలి.

ఇంట్లో ఎలా సాధన చేయించాలి? ఎక్కడ చూడాలి?

ఒక్క మాటగా నేర్పకండి, జంటగా నేర్పండి. "త్యాఖ్" అని కాదు, "త్యాఖ్, దొరస్ అన్ తీ" అని కలిపి. "గ్రిఅన్, ఏరీ న గ్రేన్యె" అని. మనం ఇల్లు, ఇంటి తలుపు రెండూ కలిపే నేర్చుకున్నాం. మేము ఫ్రిజ్ మీద వారానికి ఐదు జంటలు అంటించేవాళ్లం.

ఏ మాటకు ఏ రూపమో తెలియకపోతే "త్యాంగ్లన్" అనే ఉచిత వెబ్‌సైట్ చూడండి. "ఫోరస్ న గేల్గె" అనే ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. మాట టైప్ చేస్తే ఏకవచన, బహువచన షష్ఠులు వరసగా వస్తాయి. మూడు ప్రాంతాల ఉచ్చారణ కూడా వినిపిస్తుంది. ముందు పిల్లలను ఊహించి చెప్పమనండి, తర్వాత వాళ్లతోనే ఆ వెబ్‌సైట్ తెరిపించి సరిచూడండి.